పుట్టింటి మాత్ర

"మీ చిన్నాయన పోయినాడమ్మా" అంది చిన్నమ్మ ఫోనులో. ఏడవలేదు. "కాళ్ళు ముందే పోయినాయి కదా. మిగిలిండేది ఈ పొద్దు పోయింది" అని పెట్టేసింది.

చిత్తూరులో మా వంటింట్లో నిలబడి నేను చేసిన మొదటి పని నా చేతి గోళ్ళు చూసుకోవడం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. మా చిన్నాయనను ఎరిగినవాళ్ళెవరైనా ఆ కబురు వినగానే అదే చేసి ఉంటారు. ఆయన మనిషి మొహం తర్వాత చూసేవాడు, ముందు గోళ్ళు చూసేవాడు. చుట్టం గడప దగ్గర చెప్పులు విడుస్తుండగానే మణికట్టు పట్టుకుని ఎండలోకి లాక్కుపోయి, వేళ్ళు వరసగా తిప్పి చూసి, "ఇదో, తెల్లచుక్క. సత్తు లేదు నీకు" అనేవాడు. పెళ్ళి మాటలకు వచ్చిన పెద్దమనిషయినా, కరెంటు రీడింగు తీసుకునే మనిషయినా ఆయన దగ్గర ఒకటే మర్యాద. తర్వాత చొక్కా జేబులోంచి మాత్రల రేకు తీసి, ఒకటి పుటుక్కున నొక్కి, అరచేతిలో పెట్టి, తీర్థం ఇచ్చినట్టు వేళ్ళు మూసేవాడు. "జింకు. కూడు తిని వేసుకో. కడుపు తిప్పితే భయపడొద్దు, పని చేస్తా వుందని అర్థం."

తలుపు సందులో వేలు నలిగినా గోటి మీద తెల్లచుక్క వస్తుందని డాక్టర్లు చెప్తారు. ఆ సంగతి ఆయనకు నేనే చెప్పాను. "తలుపులో ఎందుకు నలిగింది? చేతికి సత్తు లేకనే కదా" అన్నాడు. తాను పట్టిన కుందేలికి మూడే కాళ్ళు. ఈ మనిషితో వాదించడం కంటే మాత్ర మింగి ఊరుకోవడం సులువని ఊళ్ళో చాలామంది మింగారు. కొందరికి ఒంట్లో బాగున్నట్టే అనిపించింది. అనిపించాక ఇంకేం కావాలి.

మా ఊరు తమిళనాడులో, కోవిల్‌పట్టి నుంచి విళాత్తికుళం పోయే దారిలో కాస్త లోపలికి ఉంటుంది. అంతా నల్లరేగడి. వాన పడితే మక్కజొన్న, మిరప, పత్తి. పడకపోతే మొహాలు చూసుకుంటూ కూర్చోవడం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, వీధిలోకి పోతే తమిళం. తెలుగు చదవడం, రాయడం నాకు చిత్తూరుకు కాపురానికి వచ్చాకే పట్టుబడింది. చిన్నాయనకు ఒక్క తెలుగక్షరం రాదు కాబట్టి ఆయన గురించి ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

ఊరికి ఆయన కాళ్ళతో పని ఉండేది. సెప్టెంబరు నడిమికి వచ్చే పురటాసి నెలలో వాన పడి కాస్త తెరిపి ఇవ్వగానే రైతులు మా గుమ్మం ముందుకు వచ్చేవాళ్ళు. ఆయన వాళ్ళ చేను దాకా పోయి, చెప్పులు గట్టున విడిచి, లోపలికి దిగి, మడమలు మట్టిలోకి ఒత్తి కళ్ళు మూసుకునేవాడు. చేత్తో ముట్టేవాడు కాదు. "చెయ్యి అబద్ధం చెప్తాది. పదును కాలికే తెలుస్తాది" అనేవాడు. లోపల తడి విత్తనం మొలవడానికి సరిపోయేంత ఉందా, కుళ్ళిపోయేంత ఉందా, పైపైన తడిసి రేపటికి ఆరిపోయేదా అన్నది అరికాలితో చెప్పేవాడు. "ఈ పొద్దొద్దు. ఎల్లుండి తెల్లారి" అంటే ఎల్లుండి తెల్లారే విత్తేవాళ్ళు. చిన్నప్పుడు నన్నూ పక్కన నిలబెట్టి, "ఏం తెలుస్తా వుంది?" అని అడిగాడు. చల్లగా ఉందన్నాను. "సరి, నువ్వు బడికి పో" అన్నాడు.

జింకు మా ఇంటికి మక్కజొన్న దారిన వచ్చింది. ఒక ఏడు పైరు మోకాలెత్తు కాకముందే లేత ఆకులు మొదళ్ళ దగ్గర తెల్లబడ్డాయి. వ్యవసాయ డిపోలో ఆఫీసరు ఆకు చూసి, మీ నేలలో జింకు తక్కువ, జింకు సల్ఫేటు ఇసకలో కలిపి చల్లండి అన్నాడు. చిన్నాయన చల్లాడు. కొన్నాళ్ళకు చేను ముదురు పచ్చగా తిరిగింది. గట్టు మీద కూర్చుని ఆ పచ్చదనం చూసుకుంటూ ఆయన ఒక ఆలోచన చేశాడు. "నేలకే జింకు లేదు. ఆ నేలలో పండిన గింజ తిని పెరిగినోళ్ళం మనం. మనకి ఏడనుంచి వస్తాది?"

ఇందులో తప్పేముందని అడిగితే చాలాకాలం నేనూ చెప్పలేకపోయాను. సగం నిజమేనేమో కూడా. సగం నిజంతో వచ్చే చిక్కే అది, మనిషి దాన్ని గట్టిగా పట్టుకుంటాడు. పైగా ఆయనకు సాక్ష్యాలు దొరికాయి. మనవరాలికి విరేచనాలు పట్టుకుంటే ప్రభుత్వాసుపత్రిలో ఉప్పూ చక్కెరా కలిపిన పొడి పొట్లాలతో పాటు జింకు మాత్రలు ఇచ్చారు, పిల్ల లేచి ఆడుకుంది. ఆ తర్వాత కరోనా వచ్చి ఆయనకు వాసన పోయింది. మిరపకాయలు ఎండబోసిన కళ్ళంలో నిలబడి, తుమ్ము రావడం లేదని, ఘాటు తెలియడం లేదని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. డాక్టరు కొద్దిరోజులకని జింకు రాసిచ్చాడు. వాసన తిరిగొచ్చింది. అదే జబ్బు చేసి ఒక్క మాత్రా వేసుకోని చిన్నమ్మకు కూడా వచ్చింది. ఆ సంగతి ఎవరు పట్టించుకుంటారు. ఆయన మాత్రం మాత్రలు మానలేదు. పొద్దున ఒకటి, కొన్నాళ్ళకు మధ్యాహ్నం ఇంకొకటి, మరి కొన్నాళ్ళకు రాత్రికి మరొకటి. "ఒక్కసారి చల్లితే చాలునా? పంట పంటకీ వెయ్యాల" అనేవాడు.

చిన్నమ్మ తన చేతిలో పెట్టిన మాత్రలన్నీ పెరట్లో పేడకుప్పలోకి విసిరేసేది. "ఆ కుప్పకి వుండే సత్తు ఈ జిల్లాలో ఎవురికీ లేదు" అని నా చెవిలో చెప్పింది ఒకసారి. మొగుడి ముందు మాత్రం గుటక వేసి, నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకునేది. ఆ నటన చూడాలి మీరు.

అందరికీ పంచినా ఆయన ప్రాణమంతా అక్క మీద. ఆమె నాకు మేనత్త. కారియాపట్టి దగ్గర పల్లెకు ఇచ్చారు. మామ పోయాక ఒక్కతే ఉంది. ఈయన నెలకొకసారి బస్సులు మారి, విరుదునగరం మీదుగా పోయి అక్కను చూసి వచ్చేవాడు. మా వైపు తోబుట్టువు ఇంటికి మగవాడు ఉత్తచేతులతో పోకూడదు. మునుపు కోవిల్‌పట్టి వేరుశెనగ మిఠాయి పట్టుకుపోయేవాడు. ఆమెకు పళ్ళు ఊడిపోయాక జింకు పట్టుకుపోవడం మొదలుపెట్టాడు. అత్త ఆ రేకులను దేవుడి గూట్లో పెట్టుకునేది. ఎవరైనా అడిగితే "పుట్టింటి సారె" అనేది. నవ్వులాటకు అంటుందనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

రెండేళ్ళ కిందట పురటాసిలో చిన్నాయన ఎప్పట్లాగే చేలో నిలబడి, కళ్ళు మూసుకుని, "పదునుంది, విత్తండి" అన్నాడు. ఊరు విత్తింది. మొలక రాలేదు. తవ్వి చూస్తే తడి పైపైనే ఉంది, కింద బెడ్డలు ఎండి ఉన్నాయి. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. అది ఆయన్ను ఎక్కువ కుంగదీసింది. ఆ తర్వాత ఒంటరిగా చేలోకి పోయి నిలబడి, కాళ్ళు మార్చి మార్చి తొక్కి, చివరికి వంగి చేత్తో మట్టి నలుపుతుండగా చిన్నమ్మ చూసింది. ఆ మనిషి చేత్తో మట్టి ముట్టడం చూసి తనకు గుండె జారిందని చెప్పింది.

"నాకు నేల తెలీడం ల్యా" అన్నాడట ఆమెతో. "పత్తి కుప్ప మీద నిలబడినట్టుండాది."

డాక్టరు దగ్గరికి పోదామంది చిన్నమ్మ. ఒంట్లో జింకు తగ్గిందన్నాడు ఆయన. ఇంకొక మాత్ర పెంచాడు.

పోగా పోగా మనిషి తెల్లగా పాలిపోయాడు. పట్నంలో ఒక డాక్టరు నరాల బలహీనత అని సూదులు వేసి, సత్తు మాత్రలు రాసిచ్చాడు. ఆ సత్తు మాత్రల్లోనూ జింకు ఉంది. నేను వేసవి సెలవులకు పోయేసరికి ఆయన గోడ పట్టుకుని, తన కాళ్ళను తానే చూసుకుంటూ నడుస్తున్నాడు. చూపు మళ్ళిస్తే అడుగు తడబడుతోంది. మొహం కడుక్కుందామని కళ్ళు మూసుకుంటే తొట్టి మీదికి పడిపోతున్నాడు. పదును చూడ్డానికి కళ్ళు మూసుకునే మనిషి కళ్ళు మూస్తే నిలబడలేకపోవడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆయన్ను కూర్చోబెట్టుకుని మదురైకి తీసుకుపోయాను.

అక్కడి నరాల డాక్టరమ్మ చిన్న వయసుది. కాళ్ళ మీద సుత్తితో తట్టింది, బొటనవేలు పైకీ కిందకీ ఆడించి ఎటు తిప్పానో చెప్పమంది. ఆయన చెప్పలేకపోయాడు. "ఏమేం మాత్రలు వేసుకుంటారు?" అని తమిళంలో అడిగింది. చిన్నాయన మొహం వెలిగింది. అంతవరకు ఏ డాక్టరూ అది అడగలేదు. జేబుల్లోంచి రేకులు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చాడు, పంట చూపించినట్టు. "ఎన్నాళ్ళుగా?" అంది ఆమె. "కరోనా నుంచి ఒక్కరోజు తప్పలేదు" అన్నాడు గర్వంగా. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

రక్తపరీక్ష వచ్చాక మళ్ళీ పిలిచి నెమ్మదిగా చెప్పింది. జింకు మరీ ఎక్కువైతే పేగు రాగిని ఒంటికి పట్టనివ్వదు. రాగి చాలకపోతే రక్తం తగ్గుతుంది, వెన్నులో నరాలు చెడిపోతాయి. జింకు ఆపాలి, రాగి ఇవ్వాలి. రక్తం తిరిగి వస్తుంది. నరాల సంగతి చెప్పలేను, ఇప్పుడున్న చోట ఆగితే అదే మేలు.

"ఒక ఎరువు ఎక్కువైతే ఇంకోటి పైరుకి ఎక్కదు. అంతేనా?" అన్నాడు చిన్నాయన.

"అంతే అయ్యా" అంది.

బయట వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. "డీఏపీ ఎక్కువేస్తే పైరుకి జింకు పట్టదని ఊరంతటికీ చెప్పినోణ్ణి నేనే కదమ్మా" అన్నాడు. "జింకు ఎక్కువేస్తే ఇంకోటి పట్టదని నాకెందుకు తట్టలేదు?"

ఏదో ఒకటి అనాలి కాబట్టి, "పైరయితే ఆకు చూపిస్తుంది చిన్నాయనా, మనిషి చూపించడు" అన్నాను.

"చూపించింది కదా. పదును తెలీకపోయినప్పుడే చూపించింది" అన్నాడు. ఆ మాట అంటూనే మొహంలో రంగు మారిపోయింది. నా చెయ్యి పట్టుకున్నాడు. "పాపా, అక్క కూడా వేసుకుంటా వుంది."

అక్కడి నుంచే ఫోను చేశాడు. జింకు ఆపేయమని అరిచాడు. అత్త "సరి సరి" అంది. ఆమె ఫోనులో అన్నింటికీ సరి సరి అంటుంది.

రాగి మాత్రలతో రక్తం వచ్చింది. మొహం నిండింది, మాటలో బలం వచ్చింది. కాళ్ళు రాలేదు. ఒకనాడు పెరట్లో అడుగు ఎక్కడ పడిందో తెలియక పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేశారు, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టారు. "కొండనాలుకకి మందేస్తే వున్న నాలుక వూడింది" అని చిన్నమ్మ ఆయన ఎదురుగానే అనేది. ఆయన తల ఊపేవాడు. ఒకప్పుడు ఆమెను పది మాటలనేవాడు ఆ ఒక్క మాటకు.

కుర్చీలో కూర్చుని దారిన పోయే వాళ్ళందరినీ కేకవేసి, జింకు మానండని చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళు నిలబడి విని, కాళ్ళ వైపు ఒకసారి చూసి, జాలిగా తల ఊపి వెళ్ళిపోయేవాళ్ళు. ఊళ్ళో లెక్క వేరేగా తేలింది. వేసుకున్నన్నాళ్ళు ఆయన గోడ పట్టుకునయినా నడిచాడు. మదురై పోయి ఆపాడు, పడ్డాడు. కళ్ళకు కనబడేది అదే. కనబడనిదాన్ని ఎవరు నమ్ముతారు? నమ్మించే శక్తి ఆయనకు మాత్రలు పంచేటప్పుడు ఉండింది. తీసుకున్నది ఉమ్మేయమనేటప్పటికి ఆయన కుర్చీ మనిషి.

నేను మళ్ళీ ఊరికి పోయినప్పుడు, "ఊరోళ్ళు ఎట్లన్నా పోనీ. నన్ను అక్క దగ్గరికి తీసుకుపో" అన్నాడు. కారు మాట్లాడి, ముందు సీటు వెనక్కి వాల్చి పడుకోబెట్టాం. విరుదునగరం దాటేదాకా పెదవులు కదుపుతూ ఏవో మాటలు కూర్చుకుంటున్నాడు.

అత్త ఇంటి ముందు కారాగింది. దింపడం మా వల్ల కాదు. ఆమే వచ్చి కిటికీలోంచి తమ్ముడి మొహం తడిమింది.

"దిగవా తమ్ముడా?"

"దిగలేనక్కా. ఆ జింకు ఇంకా వేసుకుంటా వుండావా?"

"నువ్వు ఇచ్చింది వేసుకోకుండా?"

"ఆపెయ్యి. నా కాళ్ళు దానివల్లనే పోయినాయి."

అత్త నవ్వింది. "తెచ్చి ఇయ్యలేకపోతా వుండానని ఇట్లా చెప్తా వుండావు. నాకు తెలీదా? నువ్వు తేవద్దులే. ఈడ మెడికల్లోనే దొరుకుతాది, నీ పేరు చెప్పుకుని నేనే కొనుక్కుంటా."

"అది కాదక్కా."

"ఆపమని చెప్పింది ఆ మదురై ఆడమనిషి కదా. అంతకుముందు నువ్వు నడిచినావు. ఆపినాక నిన్ను మోసుకొస్తా వుండారు. ఇది తెలుసుకునేదానికి డాక్టరు చదువు చదవాల్నా?"

చిన్నాయన నా వైపు చూశాడు. నేను రాగి గురించి, పేగు గురించి, నరాల గురించి నాకు వచ్చిన తెలుగులోనూ తమిళంలోనూ చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. పోనీ ఒక్కసారి మదురై వచ్చి రక్తం చూపించుకో అత్తా అంటే, "నాకేం జబ్బు? నా తమ్ముడి పుణ్యాన బాగుండాను" అంది.

అప్పుడు ఆయన ఏడ్చాడు. ఆయన ఏడుస్తుంటే చూడడం నాకు అదే మొదలు. అక్క చెయ్యి పట్టుకుని తన తల మీద పెట్టుకుని, "ఆపుతానని ఒట్టు వెయ్యి" అన్నాడు. అత్త ఆ చేత్తో జుట్టు నిమిరింది. "జబ్బుమనిషి తల మీద ఒట్టు వెయ్యకూడదు తమ్ముడా" అంది. లోపలికి పోయి దేవుడి గూట్లో రేకులన్నీ తెచ్చి ఆయన ఒళ్ళో పోసింది. "సరి, తీసుకుపో. మనసు నెమ్మదిగా వుండు." తర్వాత సజ్జ సంకటి కలిపి తెచ్చి, కారు తలుపు దగ్గరే నిలబడి ముద్దలు పెట్టింది. చిన్నపిల్లవాడిలా తిన్నాడు.

దారి పొడుగునా ఆ రేకులు ఒళ్ళోనే పట్టుకున్నాడు. సాత్తూరు దాటాక, "ఇచ్చేసింది కదా" అన్నాడు. "ఇచ్చేసింది చిన్నాయనా" అన్నాను. ఆ వానాకాలం ఊపిరితిత్తులకు జలుబు దిగి పోయేదాకా ఆ నమ్మకంతోనే ఉన్నాడట. అదొక్కటయినా దక్కిందిలే అనుకున్నాను.

కర్మ రోజు అత్త వచ్చింది. భోజనాలయ్యాక పంచలో నా పక్కన కూర్చుని, నడుముకు దోపుకున్న సంచి విప్పింది. ఆకూవక్కా తీస్తుందనుకున్నాను. మాత్రల రేకు తీసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అత్తా, చిన్నాయనకు మాటిచ్చావు" అన్నాను.

"ఏడ ఇచ్చినా? ఒట్టు వెయ్యలేదే నేను."

"ఆయన ఏడ్చి చెప్పాడు కదా."

"ఏడ్చినాడు. మంచాన పడినోడు మాట్లాడేది నొప్పి మాట. బాగుండేటప్పుడు చెప్పిందే నా తమ్ముడి మాట." రేకు మీద బొటనవేలు ఆడిస్తూ ఉంది. "నెల తప్పకుండా బస్సులు మారి తెచ్చి ఇచ్చినాడు. వాడు నాకు విషం తెచ్చి ఇచ్చినాడని నమ్మమంటావా నన్ను?"

ఆమె ఒక మాత్ర నొక్కి అరచేతిలో వేసుకుంది. ఇంకొకటి నొక్కింది.

"రెండెందుకు?" అన్నాను.

"ఆడిమాసం నుంచి కాళ్ళు కొంచెం మొద్దుబారినట్టుండాయి పాపా. అందుకని రెండు చేసినా. ఆ చెంబు ఇట్లియ్యి."

చెంబు నాకే దగ్గరగా ఉంది. నేను ఇవ్వలేదు. అత్త కాసేపు చెయ్యి చాపి ఉంచి, నా మొహం చూసి, నీళ్ళు లేకుండానే రెండూ మింగేసింది.